బుట్టలామె అల్లిన ఆఖరి చిక్కం

ఒక ఊళ్ళో బుట్టలల్లే ఆమె ఉండేది. నలభై ఏళ్ళు వెదురు బద్దలు వంచిన ఆమె వేళ్ళు ఆ ఏడు మొండికేశాయి.

పొద్దున లేచేసరికి పిడికిలి విప్పుకోదు. వేడినీళ్ళలో ముంచి, ఒక్కో వేలినీ బతిమాలి తెరవాలి. రోజుకు నాలుగు బుట్టలల్లే మనిషి రెండు రోజులకు ఒక బుట్ట దించడం కష్టమైపోయింది. ఇంకో రెండేళ్ళకి అది కూడా ఉండదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తన చేతులు తనకు తెలియవూ?

ఇంట్లో ఇద్దరు. ఆమె, ఆమె ఆడబిడ్డ. ఇద్దరికీ మొగుళ్ళు పోయారు, పిల్లల్లేరు. ఆడబిడ్డకి నోరు పెద్దది, ఆకలి ఇంకా పెద్దది, మనసు మాత్రం మంచిదే.

ఒకనాడు బుట్టలామె పెట్టె అడుగునుంచి తల్లి ఇచ్చిన వెండి వడ్డాణం తీసింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"చేతులు పోతే పోనీ. చచ్చేదాకా ఒకరి గడపలో చెయ్యి మాత్రం చాచను" అంది.

"గొప్పదానివిలే. మరి తినేదేంటి?" అంది ఆడబిడ్డ.

"పాలమ్ముదాం. రోజుకు మూడు శేర్లు పోస్తే ఇద్దరికీ నూకలొస్తాయి."

"అయితే మూడు శేర్లిచ్చే గేదెను కొందాం. అయిపోయె!"

బుట్టలామె తల అడ్డంగా ఊపింది. "మా అమ్మ ఒక బుట్ట అమ్మి తెచ్చినన్ని జొన్నలు తేవాలంటే నేను మూడు బుట్టలమ్మాలి. నూకల ధర మన కోసం ఆగదే. ఇవాళ మూడు శేర్లు చాలు. పదేళ్ళ తర్వాత ఐదు కావాలి. అప్పటికి నా చేతులుండవు."

ఆడబిడ్డకి పదేళ్ళ మాట చెవికెక్కలేదు. ఆమె ధ్యాసంతా ఆ పూట గంజి మీద ఉంది. సరే, ఇద్దరూ కలిసి పశువుల సంతకి బయల్దేరారు.

సంత మొదట్లోనే బేరగాడొకడు ఏనుగులాంటి గేదెను నిలబెట్టాడు. దాని పొదుగు చూస్తే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. నాలుగు చన్నులూ బిర్రబిగిసి, తాకితే కారేలా ఉన్నాయి.

"పది శేర్లక్కా, పది! ఇంకెక్కడైనా దీనికి రెండు వడ్డాణాలడుగుతారు. నీ మొహం చూసి ఒక్కదానికే ఇస్తున్నా" అన్నాడు బేరగాడు.

ఆడబిడ్డ అక్కడే చతికిలబడింది. "వదినా, ఇక నన్ను లేపకు. ఇదే మన గేదె! మూడు పోయగా ఏడు మిగుల్తాయి. నెయ్యి కాచుకుందాం. ఊరంతా మన నెయ్యి వాసనే!"

బుట్టలామె పొదుగు చూడలేదు. దూరంగా గుంజకి కట్టేసిన దూడ దగ్గరికి వెళ్ళింది. పాలు తాగకుండా దాని మూతికి చిక్కం కట్టి ఉంది. వెదురు చిక్కం. ఆమె ఒంగి ముడి చూసింది. ఆ ముడి ఆమెదే. ఆ చుట్టుపక్కల చిక్కానికి అలాంటి ముడి వేసే మనిషి ఇంకొకరు లేరు. పక్షం కింద ఇదే బేరగాడు ఇంటికొచ్చి ఆరు చిక్కాలు చేయించుకుని పోయాడు. ఇన్నెందుకని ఆమె అడగలేదు కూడా.

ఇప్పుడు దాన్ని కొంచెం పక్కకి జరిపి లోపల చూసింది. దూడ లోపలి బద్దలన్నీ కొరికేసింది. రెండు బద్దలు పీచుపీచుగా చీలిపోయాయి. తను అల్లిన వెదురు ఎంత గట్టిదో ఆమెకు తెలుసు. అంతగా నలగాలంటే ఆ మూతి ఒక పూట కాదు, రెండు రోజులు ఆకలితో కొరకాలి.

"అన్నా, ఈ దూడ ఎప్పుడు తాగింది?"

"పొద్దున్నేనక్కా."

"మరి గేదెను ఎప్పుడు పితికావు?"

బేరగాడు మీసం దువ్వుకుని, వేరే బేరం వైపు తిరిగాడు.

బుట్టలామెకి ఒళ్ళు మండింది. వాడి మీద కంటే తన చేతుల మీదే ఎక్కువ మండింది. రెండు రోజుల పాలు బిగబట్టి, ఒక్క రోజు పాలుగా అమ్ముతున్నాడు వాడు. దానికి పనిముట్టు అల్లిపెట్టింది తను. ఆడబిడ్డ రెక్క పట్టుకుని లేపింది.

"లే. ఇది మన గేదె కాదు."

ఆ గేదెను వాళ్ళ పక్కింటి కుమ్మరాయన కొనుక్కున్నాడు. ఆ సాయంత్రం ఆయనింట్లో పాలు కుండలు దాటి పొర్లాయి. మర్నాడు నాలుగు శేర్లు. నెల తిరక్కుండా అది పూర్తిగా వట్టిపోయింది. అది తర్వాతి సంగతి. సంతలో మాత్రం ఆయన బుట్టలామెను చూసి జాలిపడ్డాడు.

సంత చివర ఒక ముసలి రైతు రెండు గేదెలతో కూర్చున్నాడు. తల్లీ కూతుళ్ళవి. తల్లి ఐదు సార్లు ఈనింది. కూతురు మొన్ననే మొదటిసారి ఈనింది. రెండింటి దూడలూ మూతికి ఏ అడ్డూ లేకుండా తల్లుల చుట్టూ గంతులేస్తున్నాయి.

"తల్లి మూడు శేర్లిస్తుంది. కూతురు ఒక శేరు" అన్నాడు ముసలాయన. "నేను మూడు చన్నులే పితుకుతానమ్మా. నాలుగోది దూడది. ఆ లెక్క మీదే చెబుతున్నా."

"ధరెంత తాతా?"

"తల్లికి నీ వడ్డాణంలో సగం. కూతురికి సగం. రెండు ముక్కలుగా ఇవ్వు, నా ఇద్దరు కోడళ్ళకి చెరొకటి."

ఆడబిడ్డ నోరు వెళ్ళబెట్టింది. "ఇదెక్కడి న్యాయం తాతా! మూడు శేర్లకీ సగమే, ఒక శేరుకీ సగమేనా? ఎండ దెబ్బ గానీ తగిలిందా నీకు?"

"తల్లి పాలు ఈ ఏటివి తల్లీ. ఇంకో రెండు ఈతలు ఇస్తుంది, తర్వాత తగ్గిపోతుంది. కూతురు ఈనిన కొద్దీ పెరుగుతుంది. దాని ధరలో రేపటి పాలు కూడా ఉన్నాయి."

"రేపటి పాలు ఇవాళ గంజిలో పోసుకుంటామా?" అని ఆడబిడ్డ దులిపేసింది. "వదినా, తల్లుల్నే రెండు కొందాం. ఇంకో చోట వెతుకుదాం. ఆరు శేర్లొస్తాయి."

బుట్టలామె వడ్డాణాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పింది. రెండూ తల్లులైతే ఐదేళ్ళ తర్వాత రెండూ ఒకేసారి వట్టిపోతాయి. రెండూ కూతుళ్ళైతే ఆ ఐదేళ్ళు చూడ్డానికి తామిద్దరూ ఉండరు. ఒక తల్లీ ఒక కూతురూ కావాలి. ఇంత తేలిగ్గా ఉన్న సంగతి ఇంతసేపూ ఎందుకు తట్టలేదా అని ఆమెకి తన మీదే నవ్వొచ్చింది.

సంతలోనే కంసాలి ఉన్నాడు. వడ్డాణాన్ని అతని ముందు పెట్టి, "మధ్యకి కొయ్యి" అంది.

"అమ్మలనాటి సొమ్ములా ఉందమ్మా, ముక్కలు చేయిస్తావా?" అన్నాడతను.

"కొయ్యి నాయనా. అమ్మ ఉంటే తనే కోయించేది."

వెండి తెగుతున్న చప్పుడుకి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ ఏడు బాగానే గడిచింది. తల్లి గేదె మూడు శేర్లు ఇద్దరి కంచాల్లోకి నూకలయ్యాయి. కూతురి ఒక్క శేరు తవుడుకీ గడ్డికీ సరిపోయింది. బుట్టలామె రోజూ మూడు చన్నులు పితికి, నాలుగోదాని దగ్గర చెయ్యి తీసి దూడను వదిలేది. అది ముట్టెతో పొదుగును గుద్దిగుద్ది తాగుతుంటే ఆడబిడ్డ గుమ్మంలో నిలబడి నిట్టూర్చేది. "మహారాణి! మనకంటే ముందు దానికే విందు."

రెండో ఏడు వానలు ముఖం చాటేశాయి. గడ్డి ధర మండిపోయింది. తల్లి గేదె చూడితో ఉండి పాలు ఆపేసింది. కూతురు రెండోసారి ఈని, పెయ్యదూడను వేసింది. పాలు రెండు శేర్లకి పెరిగాయి. రెండు శేర్లంటే పెరగడమే, కానీ కావలసింది మూడు. ఇంట్లో గంజి పలచనైంది, తర్వాత ఇంకా పలచనైంది.

ఒక మధ్యాహ్నం బుట్టలామె గడ్డి మోసుకుని వచ్చేసరికి కొట్టంలో దూడ అరుస్తోంది. మామూలు అరుపు కాదది. వెళ్ళి చూస్తే దాని మూతికి చిక్కం. అటక మీద ఎప్పటిదో పాతది, తను అల్లిందే. ఆడబిడ్డ పొదుగు దగ్గర గొంతుక్కూర్చుని నాలుగో చన్ను పితుకుతోంది.

బుట్టలామె గడ్డిమోపు కింద పడేసి, దూడ మూతి నుంచి చిక్కం ఊడదీసింది.

"ఎన్నాళ్ళనుంచే?"

"నాలుగు రోజులు" అంది ఆడబిడ్డ. తప్పు చేసినదానిలా కాదు, తగాదాకి సిద్ధమైనదానిలా అంది. "ఏం, తప్పా? ఆకలేస్తోంది వదినా, నాకు! నిద్రపట్టదు. కడుపులో ఎవరో చెయ్యి పెట్టి పిండుతున్నట్టుంటుంది. మనుషులు మాడిపోతుంటే దూడకి పాలేంటి? బతికుంటే కదా నీ పదేళ్ళు!"

ఆడబిడ్డ చెప్పింది అబద్ధం కాదు. బుట్టలామెకీ అలాగే ఉంది. దూడ పక్కటెముకల మీద చెయ్యి వేసింది. నాలుగు రోజులకే ఎముకలు తగులుతున్నాయి.

"నాకూ వేస్తోందే" అంది చివరికి. "కానీ ఇది పోతే, దీని తర్వాత మనకి ఏమీ లేదు."

ఆడబిడ్డ ముంత అక్కడే పెట్టి, ముఖం తిప్పుకుని ఏడ్చింది. బుట్టలామె ఆమె పక్కన కూర్చుని కాసేపు వీపు నిమిరింది. అంతకుమించి ఓదార్పు ఆ ఇంట్లో లేదు.

మర్నాడు బుట్టలామె వెదురు తెచ్చి చీల్చింది. వేళ్ళు వేడినీళ్ళలో ముంచి అల్లడం మొదలుపెట్టింది. ఒక్కో బద్ద వంచుతుంటే పళ్ళు బిగపట్టాల్సి వచ్చింది. ఒకప్పుడు అరపూటలో అయ్యే పనికి వారం పట్టింది. తయారైంది మళ్ళీ చిక్కమే. దాన్ని కొట్టంలో కట్టలేదు. వంటింట్లో, పొయ్యి పక్కన మేకుకి తగిలించింది.

ఆడబిడ్డ దాన్ని చూసింది. దూడను చూసింది. మళ్ళీ దాన్ని చూసింది. ఆ రోజునుంచి ఆ ఇంట్లో పొయ్యి ఒక్క పూటే వెలిగింది, నాలుగో చన్ను జోలికి ఎవరూ పోలేదు.

మూడు నెలలు అలా గడిచాయి. గడవడం అంటే మాటలు కాదు. ఇద్దరూ చిక్కి సగమయ్యారు. అయినా ఎవరి గడపా తొక్కలేదు. ఆ తర్వాత తల్లి గేదె ఈనింది, వాన పడింది, గడ్డి మొలిచింది. మొదటి జున్ను వండిన నాడు ఆడబిడ్డ రెండు ముక్కలు తిని, మూడోది చేతిలో పట్టుకుని, "వదినా, బతికాం" అని ఒకటే నవ్వు.

ఏళ్ళు తిరిగాయి. తల్లి గేదె ఇంకో ఈత ఈని, ముసలాయన చెప్పినట్టే తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగిపోయింది. అప్పటికి కూతురు నాలుగు శేర్లిస్తోంది. కరువులో నాలుగో చన్ను తాగి బతికిన పెయ్యదూడ పెద్దదై, తొలిసారి ఈని, శేరున్నర మొదలుపెట్టింది. నూకల ధర పెరిగింది, పెరుగుతూనే ఉంది. పాలు దానికంటే ఒక అడుగు ముందే నడిచాయి. పాలివ్వని తల్లి గేదె నీడన పడుకుని నెమరేస్తూనే ఉంది. దాన్ని అమ్మేద్దామని ఆ ఇంట్లో నోరు పెద్దదైన మనిషి కూడా అనలేదు.

బుట్టలామె వేళ్ళు పూర్తిగా మూసుకుపోయాయి. ఇప్పుడు ఆడబిడ్డే పితుకుతుంది. మూడు చన్నులు పితికి, నాలుగోదాని దగ్గర చెయ్యి తీసి, "రా మహారాణీ" అని దూడను పిలుస్తుంది.

ఒక ఉదయం బేరగాడు ఒక దూడను తోలుకుని వాకిట్లోకి వచ్చాడు. మీసం నెరిసింది, చెప్పులు తెగిపోయాయి. ఏ సంతలోనూ అతని మాట నమ్మేవాళ్ళు లేరు.

"అక్కా, ఒక నాలుగు చిక్కాలు అల్లిపెట్టు. నీ చేతి పని ఇంకెవరికీ రాదు."

బుట్టలామె తన పిడికిళ్ళు చూపించింది. "అల్లడం ఎప్పుడో అయిపోయిందన్నా."

"పాతదేమైనా ఉంటే ఇవ్వు."

"ఒకటుంది" అని ఆడబిడ్డ లోపలికెళ్ళి, పొయ్యి పక్కన పొగచూరిన చిక్కాన్ని తెచ్చిచ్చింది.

బేరగాడు దాన్ని తన వెంట ఉన్న దూడ మూతికి పెట్టి చూశాడు. పట్టలేదు. ఆడబిడ్డ నవ్వు ఆపుకుంటోంది. కొట్టంలో గేదె ముట్టె వైపు చూశాడు, అందులో సగం కూడా దూరదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. లోతు తక్కువ, అంచు గుండ్రం.

"ఇది ఏ పశువు కొలతక్కా?"

ఆడబిడ్డ అతని చేతిలోంచి తీసుకుని తన మూతికి పెట్టుకుంది. ముక్కు కిందనుంచి గడ్డం దాకా అమిరినట్టు సరిపోయింది. తీసి, వదిన మూతికి పెట్టింది. అక్కడా సరిపోయింది.

"ఇప్పుడు మాకు అక్కర్లేదు. కావాలంటే పట్టుకుపో" అంది.

బేరగాడు దాన్ని చేతుల్లోకి తీసుకుని తన మూతికి ఆనించి చూసుకున్నాడు. కొట్టంలో దూడ పాలు తాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. దాన్ని దించి తల ఎత్తాడు. ఈసారి మీసం దువ్వుకోలేదు.

"ధరెంతక్కా?" అని అడిగాడు.