జీను కింద పొడి మచ్చ

ఎందుకే నీలూ, పడుకున్నప్పటి నుంచీ ఆ దొర్లుడు? కుదురులేని పిల్లా. సరే, దొర్లుతూనే విను.

అనగనగా, కోట నీడ పడే ఒక ఊళ్ళో జీనుల వీధి ఉండేది. జీను అంటే గుర్రం వీపు మీద వేసే తోలు ఆసనం. పట్టీలు తెగినవి, తోలు పగిలినవి, మెత్త కుంగినవి, అన్నీ దత్తోజీ కార్ఖానాకే బాగుచేతకు వచ్చేవి.

ఆ కార్ఖానాలో ఒక కట్టుబాటు. పైతోలు మగవాళ్ళు కుట్టాలి, దాని మీద దత్తోజీ ముద్ర పడాలి. లోపలి మెత్త ఆడవాళ్ళు విప్పాలి, ఉన్ని ఏకాలి, మళ్ళీ కూరాలి. కానీ ఆడది గుర్రాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే కుట్టు నిలవదట.

మరి కొలత ఎట్లా అంటావా? ముత్తాత చేయించిన చెక్క గుర్రం ఒకటి ఉండేది. ప్రతి జీనునూ దాని మీద వేసి చూసి, సరిపోయిందనేవాళ్ళు. చెక్క గుర్రం ఏనాడూ కాదనలేదు.

దత్తోజీ కోడలు సక్కుబాయి. మెత్త కూరే పని ఆమెది. మొగుడు లేడా అని అడగకు. ఉన్నాడు. చివర్లో ఒక్క మాట మాట్లాడతాడు.

ఒకనాడు కోట జమేదారు వచ్చాడు. ఆయన గుర్రం పేరు మబ్బు. బూడిదరంగు ఆడగుర్రం. ఎక్కితే చాలు, వెనక్కాళ్ళు ఎగరేసి కింద పడేస్తోంది.

"పొగరు," అన్నాడు జమేదారు.

"ఆడగుర్రం కదా మరి," అన్నాడు దత్తోజీ.

పొగరని పేరు పెట్టేస్తే ఇంక మందు వెతికే పని ఉండదు తల్లీ.

అప్పుడు గుర్రం పొట్ట కింది పట్టీ బిగించి ఇచ్చాడు దత్తోజీ. మబ్బు జమేదారుని సంత మధ్యలో పడేసింది.

ఆ తర్వాత మెత్తలో ఇంకో రెండు దోసిళ్ళ ఉన్ని కూరించాడు. మబ్బు ఆయన్ని కోట గుమ్మంలో, సిపాయిలందరూ చూస్తుండగా పడేసింది.

జమేదారు కుంటుకుంటూ వచ్చి జీను విసిరేశాడు. "రేపు పొద్దున మూడోసారి ఎక్కుతా. పడేసిందా, తుపాకీతో కాల్చేస్తా," అని, మబ్బును వాకిట్లో గుంజకు కట్టేసి వెళ్ళిపోయాడు.

"ఇంకా గట్టిగా కూరు సక్కూ," అన్నాడు దత్తోజీ.

అప్పుడు సక్కు జీను తిరగేసింది. అడుగు గుడ్డంతా చెమటకు తడిసి నల్లబడింది. ఒక్కచోట మాత్రం పిడికిలంత మేర పొడిగా ఉంది. కిందటిసారి ఆ మచ్చ నిమ్మకాయంతే. చెమట కూడా పట్టనంత గట్టిగా అక్కడ జీను నొక్కుతోందన్నమాట. ఆ ఉన్ని కూరింది తన చేతులే.

బయట మబ్బు డెక్కలతో నేల తవ్వుతోంది. లోపల సక్కు లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. చివరికి వాకిట్లోకి నడిచింది.

"ముట్టుకోకు, కుట్టు నిలవదు," అన్నాడు దత్తోజీ.

"మీరు ముట్టుకుంటే ఏం నిలిచింది మామా? జమేదారే నిలవలేదు."

ముందు మెడ మీద చెయ్యి వేసింది. తర్వాత భుజం మీద. ఆ తర్వాత వీపు మీద. అక్కడ, వెంట్రుకల కింద, కోడిగుడ్డంత వాపు. మబ్బు ఒళ్ళంతా వణికింది. తన్నలేదు మాత్రం.

అప్పుడు సక్కు ఉన్ని కూరలేదు, తీసింది. గుప్పెడు తీసి జీను వేసి చూస్తే మబ్బు కొరకబోయింది. ఇంకో గుప్పెడు తీస్తే చెవులు వెనక్కి వాల్చింది. మూడో గుప్పెడు తీశాక తల దించి గడ్డి అందుకుంది.

పొద్దున్నే జమేదారు తుపాకీ భుజానేసుకుని వచ్చాడు. ఎక్కాడు. మబ్బు ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చింది.

"దీని పొగరంతా ఏమైంది?" అన్నాడు జమేదారు.

సక్కు ఆ మూడు గుప్పెళ్ళ ఉన్ని తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఇదిగోండి. ఇంక దిగండి. వీపు మీద వాపు తగ్గేదాకా మళ్ళీ ఎక్కకండి."

జమేదారు దిగాడు. అప్పుడు సక్కు మొగుడు నోరు తెరిచాడు. "ఈ చెక్క గుర్రాన్నేం చేద్దాం?"

"చీరలు ఆరేసుకుందాం," అంది సక్కు. "దానికెటూ నొప్పి తెలీదు."

ఆ తర్వాత ఆ కార్ఖానాలో సక్కు అరచెయ్యి గుర్రం వీపు తడిమాకే సూదిలోకి దారం ఎక్కేది.

నువ్వింకా దొర్లుతూనే ఉన్నావేమే? లే ఓసారి, పరుపు చూడనీ. అయ్యో, ఇక్కడ దూది ఉండకట్టి రాయిలా ఉంది. చెప్పొద్దూ?

"నిన్ననే చెప్పాను అమ్మమ్మా. కుదురులేని పిల్లవి అన్నావు."

అన్నానా? అయితే నేనూ దత్తోజీనే. జరుగు, ఇది విడదీయనీ.

కథ కంచి దారి పట్టె,
మబ్బు గడ్డి మేయబట్టె,
ఉండ తీసిన పరుపు మీద
మా నీలుకు నిద్ర పట్టె.