బుగ్గలో పట్టినంత గాలి

మా సువార్తమ్మ టీచరమ్మ గారికి ప్రశ్న అడిగితే సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. కళ్లజోడు తీసి పైటకొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టారంటే కథ వస్తోందన్నమాటే. పురుళ్లు పోసే పని నేర్చుకోవడానికి వచ్చిన పదకొండుమందిమీ అప్పుడు కలాలు కింద పెట్టేసేవాళ్లం.

ఆవేళ పాఠం, పుట్టి ఊపిరి తియ్యని బిడ్డల గురించి. పాత పుస్తకాల్లో ఉన్న పద్ధతులన్నీ చెప్పుకొచ్చారు. ఒకాయన బిడ్డని వేణ్నీళ్లలో ఒకసారి, చన్నీళ్లలో ఒకసారి ముంచమన్నాడట. ఇంకొకాయన భుజాలు పట్టుకుని పైకీ కిందకీ ఊపమన్నాడట. కొలిమితిత్తితో కొట్టినట్టు గాలి కొట్టమన్న మహానుభావుడూ ఉన్నాడు. మాకు నవ్వు ఆగలేదు. ఇవన్నీ అయ్యాక, బిడ్డ నోటిమీద నోరు పెట్టి ఊదడమే మేలని తేలిందని చెప్పేసరికి పైడితల్లి లేచి నిలబడింది. చెప్పులు కుట్టే ఇంటి పిల్ల అది.

"పెద్దోళ్ల ఇళ్లల్లో నా నోరు తగల్నిత్తారా, టీచరమ్మా?" అంది.

నవ్వులు ఆగిపోయాయి. నాకైతే సిగ్గేసింది, మాదీ అలాంటి పెద్దోళ్ల ఇల్లే మరి. టీచరమ్మ గారు కళ్లజోడు తీశారు.

ఆవిడ చిన్నప్పుడు మంత్రసాని నూకాలు నోట విన్న సంగతిట ఇది. కోనసీమలో ఒక అగ్రహారంలో సోమిదేవమ్మ గారని ఉండేవారు. మడి అంటే ఆవిడదే మడి. గాలికి ఎవరి బట్ట ఎగిరి తగిలినా ఊరంతా గోల చేసే మనిషి. ఆవిడ కూతురికి అప్పటికి ఇద్దరు బిడ్డలు పుట్టి, ఇద్దరూ ఏడవకుండానే పోయారు. మూడో పురుడు నూకాలు పోసింది. ఆడపిల్ల. అదీ ఏడవలేదు. కంచం మోగించారు, మొహాన నీళ్లు చల్లారు, అరికాళ్లు చరిచారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నూకాలు బిడ్డ నోరు తుడిచి, తన నోరు పెట్టబోయింది.

"ఓసి నీ అఘాయిత్యం కూలా! ఎంగిలి నోరు పెడతావుటే?" అని గుమ్మం అవతలనుంచి కేకేశారు సోమిదేవమ్మ గారు.

నూకాలు వాదించలేదు, పక్కకి జరిగింది. "అయితే తవరే ఊదండమ్మగోరూ. బేగి రండి!"

బొడ్డు ఇంకా కొయ్యలేదు కాబట్టి బిడ్డ గుమ్మం దగ్గరికి రాదు. ఆవిడే పురిటిగదిలోకి రావాలి. వచ్చారు. మడిబట్టతోనే నెత్తుటి గుడ్డలమీద మోకాళ్లు ఆనించి, కట్టెలపొయ్యి ఊదినట్టు ఊదారు.

"అంత కాదమ్మగోరూ, చంపేత్తారు! బుగ్గలో పట్టినంత గాలి చాలు," అంది నూకాలు.

బుగ్గలు పూరించి ఊదారు. మళ్లీ ఊదారు. వయసు మీద పడ్డ ప్రాణం, ఆయాసం వచ్చి కళ్లు తిరిగాయి. బిడ్డ పెదాలు నీలంగానే ఉన్నాయి. అప్పుడావిడ నూకాలు రెక్క పట్టుకుని లాగారు.

"నా వల్ల కావటం లేదే! నువ్వు ఊదవే తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటానే!"

నూకాలు ఊదింది. ఈవిడ ఊపిరి కూడదీసుకుని మళ్లీ అందుకున్నారు. అలా ఇద్దరూ వంతులేసుకుని ఊదుతుంటే, తుమ్ములాంటిది ఒకటి వచ్చింది. ఆ వెనకే కెవ్వుమని ఏడుపు! ఇల్లెగిరిపోయేలా ఏడ్చిందిట పిల్ల. తల్లికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సోమిదేవమ్మ గారూ నూకాలూ ఒకరిమీద ఒకరు వాలిపోయి, ఎందుకో తెలియకుండానే పకపకా నవ్వారుట. ఆ నవ్వు వీధిలో మగవాళ్లకి కూడా వినిపించిందిట.

మేమూ నవ్వాం. పైడితల్లి కళ్లు తుడుచుకుంది గానీ ఊరుకుంటుందా!

"మరి ఆ తరవాత ఆయమ్మ తలకి నీళ్లోసుకున్నారా, టీచరమ్మా?"

"పోసుకున్నారే, పొద్దుగూకాక," అన్నారు టీచరమ్మ గారు. "అంతదాకా పిల్లని కిందకి దించితే కదా!"