గవరమ్మ చెప్పడం మానేసింది

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో గవరమ్మ చీరలు నేసేది, ఆవిడ మొగుడు సూరన్న రేవులో పడవ నడిపేవాడు. వాళ్ళకి నడక వచ్చీరాని పిల్ల ముత్యాలు. ఇంట్లో అత్త. ఊ కొడుతున్నారా? ఆ, కొట్టండి.

గవరమ్మ చేతులు మగ్గం మీద, బుర్ర ఇల్లంతా. పాలు తోడేశానా, తోడేస్తే మూత పెట్టానా, పెడితే పిల్లి తోసేసిందా, తోసేస్తే పిల్లకి పెరుగేదీ, పెరుగు లేకపోతే ఎవరింటికి పరిగెత్తాలీ... పొద్దస్తమానం ఇదే. సూరన్న చెడ్డవాడు కాడు. నీళ్ళు తెమ్మంటే తెచ్చేవాడు, కట్టెలు కొట్టమంటే కొట్టేవాడు. గుర్తుపెట్టుకుని చెప్పాల్సింది మాత్రం ఈవిడే.

ఇలా ఉండగా రాజుగారి కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళి చీర గవరమ్మే నెయ్యాలన్నారు. పెళ్ళికొచ్చే చుట్టాలని ఏరు దాటించడంతో సూరన్నకీ ఊపిరాడలేదు. ఒక సాయంత్రం పిల్ల కనపడలేదు. నాన్న దగ్గరుందని అమ్మ అనుకుంది, నానమ్మ దగ్గరుందని నాన్న అనుకున్నాడు, అమ్మ దగ్గరుందని నానమ్మ అనుకుంది. పిల్లేమో బాతుల వెంట ఏట్లోకి దిగిపోయింది. బట్టలుతుకుతున్న ఒకావిడ చూసి ఒడ్డుకి లాగింది గాబట్టి దక్కింది.

గవరమ్మ ఏడవలేదు, అరవలేదు. పిల్లకి పొడిబట్ట కట్టి, ఒళ్ళో పెట్టుకుని, మొగుడినీ అత్తనీ కూర్చోబెట్టింది.

"మావా, రేపట్నుంచి పిల్ల తిండి నీది."

"సరే. ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను."

"చెప్పను మావా. ఆ చెప్పడమే నాకు బరువు. ఎప్పుడు తోడెయ్యాలి, విరిగితే ఏం చెయ్యాలి, ఆ ఆలోచన కూడా నీదే. అత్తా, ఇదిగో పిల్ల నీ దగ్గరుందని నోటితో చెప్పి, పిల్లని చేతికి అందించాకే ఎవరైనా కదలాలి. చీర అయ్యేదాకా వాకిట్లో పెద్ద ముగ్గుల్లేవు, రెండు గీతలు చాలు. ఇంటికొచ్చినవాళ్ళకి పిండివంటల్లేవు, మజ్జిగ చాలు."

"ఊరేమనుకుంటుందే?" అంది అత్త.

"అనుకోనీ అత్తా. ముగ్గు తర్వాతైనా వేసుకోవచ్చు."

అత్త పిల్ల తడి జుట్టు చూసి, కొంగుతో తుడవసాగింది.

మర్నాడే సూరన్న తోడెయ్యడం మర్చిపోయాడు. పెరుగన్నం కావాలని పిల్ల ఒకటే ఏడుపు. గవరమ్మ కాళ్ళు లేవబోయాయి. మగ్గాన్ని గట్టిగా పట్టుకుని అలాగే కూర్చుంది. సూరన్నే గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఆ తర్వాత చూడాలి, నడి ఏట్లో తెడ్డు వేస్తూ, ఈ ఎండలకి మీ ఇంట్లో పాలు విరుగుతున్నాయా అని పడవెక్కినవాళ్ళని అడిగేవాడట. అత్త నాలుగు రోజులు అలిగింది. తర్వాత ఇంటికొచ్చినవాళ్ళకి తనే మజ్జిగ కలిపిచ్చింది.

చీర వేళకి అయింది. రాజుగారు మురిసిపోయి, రెండో అమ్మాయికీ ఇప్పుడే మొదలెట్టమన్నారు. వానలు వెళ్ళాకే మహారాజా, ఈ నాలుగు నెలలూ నా పిల్లవి అంది గవరమ్మ, చేతులు కట్టుకుని, మాట మాత్రం తగ్గకుండా. రాజుగారు సరేనన్నారు. అందరూ సుఖంగా ఉన్నారు.

రేపు మీ అమ్మా నాన్నా ఆఫీసులకి వెళ్తారా, మీ నీళ్ళ సీసాలు మీవి. నింపుకోవడమే కాదు, గుర్తుపెట్టుకోవడం కూడా.

కథ కంచి బస్సెక్కింది, మనం దుప్పట్లో దూరదాం.