ఓబులమ్మ వంకర సాళ్లు

అనగనగా ఒక అడవిలో, పోయిన కార్తీకమాసంలో, చెంగమ్మ అనే అలుగుకు అన్యాయం జరిగింది. చేసినవాళ్లు మాత్రం మేలు చేశామనే చెప్పుకుని తిరుగుతున్నారు. వినండి పిల్లలూ, ఎవరి మాట నిజమో మీరే తేల్చుకోండి.

అలుగంటే ఒళ్లంతా పెంకులుండే జంతువు. బెదిరితే బంతిలా చుట్టుకుపోతుంది. ఆ అడవిలో, కాపలావాళ్లు వదిలేసిపోయిన గదిలో ఒక కంప్యూటరు ఉండేది. అందులో జొన్నచేను ఆట. గుట్టమీది కొండముచ్చులు ఆ ఆటను తయారుచేసి, తీగ గుండా కిందికి పంపేవి. చెంగమ్మా, వాళ్లమ్మ ఓబులమ్మా రెండు వానాకాలాలు ఆ చేను వేశారు. ఓబులమ్మకు చూపు ఆనదు. ఆమె వేసిన ప్రతి సాలూ పాము పాకినట్టు వంకర్లు పోయేది.

"ఇదేం సేద్యమే అమ్మా, ఎద్దుకు కళ్లు తిరుగుతాయి" అని కూతురు నవ్వేది.

"తిరగనీలే. తిన్నగా నడిచి అదేం బావుకుందని?" అనేది తల్లి.

ఎండాకాలంలో ఓబులమ్మ చనిపోయింది. చెంగమ్మ ఆ పంట కోయలేదు. రోజూ వచ్చి, ఆ వంకర సాళ్లను పైకి లెక్కపెట్టుకుంటూ చూసుకుని పోయేది. అమ్మ చేతిపని లోకంలో అదొక్కటే మిగిలింది.

చూడనిస్తేగా. తెర మీద ఒక పెట్టె వచ్చి కూర్చునేది. ఆటలో మార్పులున్నాయి, అప్‌డేట్ చెయ్యమంటారా అని అడిగేది. చెంగమ్మ వద్దని నొక్కేది. మర్నాడు మళ్లీ అదే. ఒకరోజు పెట్టె మాట మార్చింది. ఇకనుంచి మిమ్మల్ని అడిగి విసిగించం, మేమే చేసుకుంటాం, సరేనా అంది. పక్కనున్న ముళ్లపంది నాసరయ్య, కింద ఇంకా చాలా రాసుంది, చదివి నొక్కమన్నాడు.

"ఆ చీమ తలకాయంత అక్షరాలు ఎవరు చదువుతారు మామా? పీడ వదిలితే చాలు" అని చెంగమ్మ 'సరే' నొక్కేసింది. అడగడం మానేస్తే చెయ్యడం కూడా మానేస్తారనుకుంది, పిచ్చిది.

వారం తిరక్కుండా ఆటలోని వాగు ఎడమ నుంచి కుడికి పోయింది. బటన్లూ తారుమారై, నీళ్లు పెట్టబోతే ఎద్దు పరిగెత్తింది. చెంగమ్మ గొణుక్కుని ఊరుకుంది. మరో వారానికి పిట్టల కూతలు పోయి డప్పుల మోత వచ్చింది. ఈసారి ఒళ్లు మండి, 'వద్దు' బటన్ కోసం వెతికింది. ఆ మార్పుల్లో అదీ ఎగిరిపోయింది.

మూడో వారం వచ్చి చూస్తే, చేనంతా తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

చెంగమ్మ రొప్పుకుంటూ గుట్ట ఎక్కింది. అక్కడ ఫిర్యాదులు వినే కొండముచ్చు గురవయ్య జామకాయ కొరుకుతూ కూర్చున్నాడు.

"మా అమ్మ సాళ్లు ఏం చేశారయ్యా?" అంది చెంగమ్మ.

"వంకరగా ఉన్నాయని సరిచేశాం తల్లీ. అందరివీ చేశాం" అన్నాడు గురవయ్య.

"అవి మా అమ్మ వేసినవి. ఆమె ఇప్పుడు లేదు."

"అయ్యో. అయితే మంచిదేగా, ఇంకా బాగా వేసినట్టుంటుంది."

పాతవి తిరిగిమ్మని ఆమె కాళ్లావేళ్లా పడింది. పాతవాటి మీదే కొత్తవి రాశామనీ, కింద ఏమీ మిగల్లేదనీ చెప్పి, ఆమె 'సరే' నొక్కిన గోటి గుర్తు తీసి చూపించాడు గురవయ్య. అతని గొంతులో కోపం కూడా లేదు. ఉంటే తిట్టడానికైనా వీలుండేది.

చెంగమ్మ దిగివచ్చి, తన చేత్తో ఒక సాలు వంకరగా వేసింది. గోరు ఎత్తేలోపే ఆట దాన్ని తిన్నగా లాగేసింది. ఇంకోటి వేసింది. అదీ అంతే. పదోది అయ్యాక తల లోపలికి లాక్కుని బంతిలా చుట్టుకుపోయింది. నాసరయ్య ఎంత పిలిచినా విప్పుకోలేదు. చివరికి ఆయన తన ఒంటి ముల్లొకటి పీకి, గోడ మీద గీసిపెట్టాడు: ఓబులమ్మ వేసిన సాళ్లు నూట డెబ్బై మూడు. మిగిలింది ఒక్కటీ లేదు.

నీతి: పీడ వదిలిస్తామని ఎవరైనా 'సరే' అనమంటే, ముందు పూర్తిగా చదవాలి. ఆ తర్వాత 'వద్దు' అనే వీలు వాళ్లు మనకు మిగల్చరు.