కదిలే కొలువుకూటం

ఒకానొక రాజ్యంలో, అంటే కుందవరంలో, ఒక రాజుగారు కొలువుకూటం కట్టించబోయి చివరికి ఏం కట్టించారన్నదే ఈ కథ. చాలా చిన్నది. నోట్లో వక్క నలిగేలోగా అయిపోతుంది.

అయితే ముందు రాజుగారి సంగతి చెప్పాలి. ఆయన పేరు ప్రచండవర్మ. ఆ ప్రచండం పప్పులో ఉప్పు తగ్గినప్పుడు తప్ప ఎవరూ చూడలేదు. మీసాలు మాత్రం గొప్పవి. వాటికి నూనె రాసే ఉద్యోగం కోసం కుందవరంలో రెండు కుటుంబాలు మాట్లాడుకోవడమే మానేశాయి. ఒక ఇంటి కోడలు రెండో ఇంటి ఆడపడుచే. ఆవిడ ఎలా నెట్టుకొస్తోందో అది వేరే సంగతి. సరే, కొలువుకూటం.

పాత కూటంలో ఉక్కపోస్తోందని రాజుగారు రాతితో కొత్తది కట్టమన్నారు. మహామంత్రి శేషాచలామాత్యుడు ఆయనకు స్వయానా మేనమామ. పట్టుబట్ట మీద పెద్ద ప్రణాళిక రాశాడు. ఏ రోజు ఏ రాయి లేస్తుందో, ఏ రోజు కలశం ఎక్కుతుందో అన్నీ అందులో ఉన్నాయి. ప్రతి ఉదయం కొలువులో నిలబడి దాన్ని మొదటినుంచీ చదివేవాడు. సగం కొలువు నిద్రపోయేది. మిగతా సగం నిద్రపోతున్నవాళ్ళను చూసి ఈర్ష్యపడేది.

కడుతున్నవాడు రుద్రోజు అనే శిల్పి. పునాది పడగానే రాజుగారు వచ్చి చూసి, "తూర్పుముఖంగా ఉంటే బాగుణ్ణు" అన్నారు. తిప్పాడు. "ఉత్తరాన వసారా ఏదీ?" పెట్టాడు. "సింహాసనం ఇక్కడ కాదయ్యా, అక్కడ." గోడ పడగొట్టి మళ్ళీ కట్టాడు. మంత్రిగారి పట్టుబట్టలో మాత్రం ఒక్క అక్షరం మారలేదు. రెండో ఏడు వానలనాటికి నేలమీద ఉన్నది మోకాలెత్తు గోడ. పట్టుబట్ట ప్రకారం శిఖరం మీద కలశం మెరుస్తోంది. మంత్రిగారు ఆ వాక్యం చదివినప్పుడు కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

ఆ గోడ మళ్ళీ కొట్టెయ్యమన్న రోజున రుద్రోజు సుత్తి కింద పెట్టేశాడు. రాజుగారు అతన్ని చెరసాలలో వేయించారు.

"దసరాలోగా నేను వంక పెట్టలేని కూటం లేవకపోతే వీడి కుడిచేతి బొటనవేలు తీయించండి."

ఆస్థానంలో హాస్యం చెప్పి జీతం తీసుకునే గుండన చటుక్కున లేచాడు. రుద్రోజు అతనికి చిన్ననాటి స్నేహితుడు.

"నేను కట్టిస్తాను ప్రభూ. వంక దొరికితే నా వేలు కూడా తీయించండి."

"నీకు కట్టడం వచ్చా?"

"రాదు ప్రభూ. వచ్చినవాణ్ణి లోపల వేశారుగా!"

అనడమైతే అన్నాడు గానీ, ఇంటికెళ్ళాక తన బొటనవేలు తిప్పి తిప్పి చూసుకున్నాడు. బొటనవేలు లేకపోతే తమలపాకుకు సున్నం రాసుకోవడం కష్టం. రుద్రోజు ఇక ఉలి పట్టలేడన్న మాట అతనికి ఆ తర్వాతే గుర్తొచ్చింది. మర్నాడు చెరసాలకు వెళ్ళాడు.

"ఒరేయ్, నీకు మతి పోయిందా?" అన్నాడు రుద్రోజు కటకటాల వెనకనుంచి.

"నీకంటే కొంచెం తక్కువే పోయింది. ఇంతకీ రాజుగారికి ఏం కావాలంటావు?"

"ఆయనకే తెలిస్తేగా! గోడ లేచాక చూసి, ఇది కాదంటాడు."

"అయితే లేవకముందే చూపించాలి."

"లేవని గోడ ఎలా చూపిస్తావురా!"

గుండన తిన్నగా వెళ్ళి పెళ్ళిపందిళ్ళు వేసేవాళ్ళను పిలుచుకొచ్చాడు. మగపెళ్ళివారు చివరి ఘడియలో ఏదో ఒకటి మార్చమంటారని వాళ్ళకు ముందే తెలుసు. అందుకని మేకు కొట్టరు. కొబ్బరితాడుతో, లాగితే ఊడే ముడి వేస్తారు. మోకాలెత్తు గోడకు కాస్త దూరంలో వెదురు బొంగులు పాతి, తాటాకు కప్పి, కింద సింహాసనం వేయించాడు.

రాజుగారి మీసాలు లేచాయి. "నన్ను పశువులపాకలో కూర్చోమంటావా?"

"ఇది మీ వంకలకు కొలత తీసే పందిరి ప్రభూ. దర్జీ పైపైన కుట్టు వేసి తొడిగి చూడడూ? వంకలన్నీ ఇక్కడే అయిపోతే రాతిలో పెట్టడానికి ఏమీ మిగలవు."

"నీ ప్రణాళిక ఏది?" అన్నాడు మహామంత్రి.

"రేపటిది రేపు ఉదయానికి తయారవుతుంది మహామంత్రీ."

"అదీ ఒక ప్రణాళికేనా?"

"తమదాని ప్రకారం మనం ఇప్పుడు కలశం కింద నిలబడి ఉన్నాం. ఎండ కొంచెం తగులుతోంది, అంతే."

ఆనాటినుంచి రోజూ కొలువు చాలించగానే గుండన చేతులు కట్టుకుని, "ఈవేళ ఏం గుచ్చుకుంది ప్రభూ?" అని అడిగేవాడు. సింహాసనం ఎడమకు జరపమనేవారు రాజుగారు. తెల్లారేసరికి జరిగేది. మరునాడు, ఇంకా ఎడమకు. తర్వాత మధ్యలో తెర కట్టమన్నారు. ఆ తర్వాత డోలు వాయించేవాళ్ళను తన పక్కన కూర్చోబెట్టమన్నారు.

డోలు దగ్గరగా కావాలన్న రాజును గుండన అంతకుముందు చూడలేదు. ఆ సాయంత్రం ఖాళీ పందిట్లో కూర్చుని చూశాడు. సింహాసనం పాకి వచ్చిన దారంతా ఒక్క పీటనుంచి దూరంగా జరిగిన దారే. అది మహామంత్రి రోజూ ప్రణాళిక చదివే పీట. ఎత్తుకు పెంచిన మేనమామను చదవడం ఆపమని రాజుగారు ఎలా అంటారు? మంత్రిగారి అక్క, అంటే రాజమాత, ఇంకా గట్టిగానే ఉంది.

గుండన నేరుగా మంత్రిగారింటికి వెళ్ళాడు.

"మహామంత్రీ, తమ ప్రణాళిక వినాల్సింది మేము కాదు. మేము వింటే ఏం లాభం? లేవాల్సినవి రాళ్ళు."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "ఇన్నాళ్ళకు ఒక్కడికి అర్థమైంది!" అన్నాడు. మర్నాటికి ఆయన పీట పునాదుల మధ్యకు చేరింది.

ఆ రోజే దసరా. కొలువు జరిగింది. తగాదాలు తీరాయి, పాటలు పాడారు, ఎవరూ నిద్రపోలేదు. చివర గుండన అడిగాడు, "ఈవేళ ఏం గుచ్చుకుంది ప్రభూ?"

రాజుగారు నాలుగు వైపులా చూశారు. ఒక బొంగు ఊపి చూశారు. "ఏమీ లేదే! ఏం మార్చావురా?"

"ఒక్క పీట ప్రభూ."

అవతల రాళ్ళమధ్య మహామంత్రి గొంతు సన్నగా వినిపిస్తోంది. కలశం దాకా వచ్చినట్టున్నాడు.

"ఓరి నీ! ఇది నాకే తెలియలేదు సుమా" అన్నారు రాజుగారు మెల్లిగా.

"మీకు తెలుసు ప్రభూ. మేనమామగారితో చెప్పడానికి భయపడి గోడలు పడగొట్టించారు."

రాజుగారి మీసాలు ముందు వణికాయి, తర్వాత ఎగిరాయి. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వాక మిగతావాళ్ళూ ధైర్యం చేశారు. రాజుగారు తన మెడలోని ముత్యాలహారం తీసి గుండన మెడలో వేసి, "ఇక రాయెందుకు, ఈ పందిరే చాలు. ఇంకేం కావాలో కోరుకో" అన్నారు.

"రుద్రోజును వదిలెయ్యండి ప్రభూ."

భటులు వెళ్ళి చెరసాల తలుపులు తీశారు. రుద్రోజు రానన్నాడు. లోపల ఖైదీల కోసం రాతి అరుగు కడుతున్నాడట. మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఎవరూ వచ్చి దాన్ని మార్చమనలేదట. రాజుగారు సరేనన్నారు. అరుగు పూర్తయ్యాక అతను మెట్లు మొదలుపెట్టాడు.