న్యాయాధికారి పెట్టెలో ఉత్తరం

ఆ రాజ్యంలో అన్ని పెట్టెలకూ ఒకే రకం తాళం. వంచిన సూది దూరిస్తే అవన్నీ తెరుచుకుంటాయని వేగులవాళ్ల పెద్ద భైరవప్ప కనిపెట్టాడు. ఆ లోపం సరిచేస్తామన్న కమ్మరులతో నోరెత్తితే చెరసాలే అన్నాడు. ఎవరి పెట్టె వెతకాలన్నా న్యాయాధికారి ముద్ర ఉండాలని చట్టం. అడిగిన ప్రతిసారీ ఆయన చదవకుండానే ముద్ర వేసేవాడు.

అలా వెతికి, నేతగాడు సింగన్న పెట్టెలో రాజును చంపుదామన్న ఉత్తరం దొరికిందన్నారు. ఉరి ఖాయమైంది. తాళాలు చేసే అతని చెల్లెలు పైడమ్మ న్యాయాధికారి సభకొచ్చింది.

"మా అన్న రాయలేదయ్యా. ఎవరో పెట్టారు."

"తాళం వేసిన పెట్టెలో ఎవరు పెడతారే?" భైరవప్ప నవ్వాడు. "సూది నా మనుషుల దగ్గరే ఉంది."

"అయితే ఉత్తరం ఎవరి పెట్టెలో ఉంటే వాళ్లే దోషులు. అంతేనా అయ్యా?"

"అంతే," అన్నాడు న్యాయాధికారి.

"మీ ముద్ర పెట్టె తెరవండి. దానికీ అదే తాళం."

తెరిచాడు. ముద్ర కింద అచ్చం అలాంటి ఉత్తరమే ఉంది.

"ఇదెవరో పెట్టారు!" అని అరిచాడు న్యాయాధికారి.

"మా అన్నా అదే అన్నాడయ్యా. తాడు ఒకటే తెచ్చారు, మీకూ ఒకటి తెప్పించమంటారా?"

సింగన్నను వదిలేశారు. న్యాయాధికారి ఆమెను పక్కకు పిలిచి, "నా పెట్టెకు మంచి తాళం చెయ్యమ్మా, ఈరోజే," అన్నాడు.

"చేస్తానయ్యా. ముందు ఊరందరి తాళాలూ మార్చనివ్వండి. పోయిన నెల మీ ముద్రతో ఉరితీసిన ఏడుగురి ఇళ్లతో మొదలుపెడతాను. మీది ఆఖరున."