కొఠారు చిట్టాకు పడ్డ ముడి

రాజుగారి ధాన్యపు కొఠారులో ఒక కట్టుబాటు ఉండేది. చిట్టా తెరిచినవాడు దానికి తన ముడి వేస్తే, మళ్లీ అతనే విప్పేదాకా లోపలి గింజ బయటికి కదలకూడదు. ఒకనాడు అధికారి భీమశంకరంగారు ముడి వేసి, విప్పడం మరిచి ఇంటికి పోయారు. వరదలో మునిగిన పల్లెల బళ్లు బియ్యం కోసం వాకిట్లో బారులు తీరాయి. ధాన్యం కొలిచే సూరమ్మ పరుగున వెళ్లి బతిమాలితే, "ఇప్పుడేం కొంప మునిగిందని? రేపు చూద్దాం" అన్నారాయన.

సూరమ్మకు ఒళ్లు మండినా, "చిత్తం" అని తిరిగొచ్చింది.

మధ్యాహ్నానికి ఆయనే రొప్పుతూ వచ్చారు. "మా ఇంటికి పూటబియ్యం పంపలేదేమే?"

"మీ ముడి ఉంది కదయ్యా! మీ బియ్యమూ ఇందులోవే."

ఆయన గబగబా ముడి విప్పారు.

"పది పల్లెల ఆకలికి విడని ముడి మీ ఒక్కరి ఆకలికి విడింది," అంటూ సూరమ్మ మొదటి కుంచం బండిలో పోసింది.